నొగమీది తూకము

హైదరాబాదు నుండి కర్నూలు త్రోవను దక్షిణముగా ఎనభై కిలోమీటర్లకు పైచిలుకు పోయినచో జడ్చర్ల కూడలి వచ్చును. కాశ్మీరము మొదలు కన్యాకుమారి దాక సాగెడి 44వ నెంబరు జాతీయ రహదారియు, రాయచూరు, మహబూబ్‌నగరుల మీదుగా వచ్చి కల్వకుర్తి, మిర్యాలగూడెముల మీదుగా కోదాడకు పోయెడి 167వ నెంబరు రహదారియు ఇచ్చటనే ఒకదానినొకటి దాటుచున్నవి. సికింద్రాబాదు కర్నూలు రైలుమార్గము పట్టణమును ఒరసికొని పోవుచున్నది. జడ్చర్లకు జంటగా, ఏది యెక్కడ ముగిసినదో క్రొత్తవారికి తెలియరానంతగా కలిసిపోయి, బాదేపల్లి యున్నది. పాలమూరు చెల్కలలో పండిన పల్లికాయ, ఆముదము, జొన్న, మక్కజొన్న, ప్రత్తి వచ్చి చేరెడి మార్కెట్టు అదియే. ఇట్లు నాలుగు దిక్కులనుండి బరువులు వచ్చి, దిగి, మరల ఎక్కి పోయెడి ఈ చోట, బండికి బరువెత్తు విద్యకు ఒక చరిత్ర యున్నదనుట వింత కాదు. జనసామాన్యపు బ్రతుకును గూడ చరిత్రగా వ్రాయవచ్చునని 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా తెలుగువారికి చూపిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ పాలమూరు సీమవారే. కనుక ఈ నేలమీద నిలిచి ఇరుసును గూర్చి, బస్తాను గూర్చి, కాడిని గూర్చి వ్రాయుటకు నాకు సంకోచము లేదు.

నేను చెప్పదలచినది వర్తకపు బరువు మాత్రమే కాదు. మనుష్యుడు తన సంసారములో కొంత భాగమును చక్రములమీద పెట్టుకొని, భార్యాబిడ్డలతో ఇల్లు కదలునప్పుడు, ఎంత యెత్తవలెను, ఏది ముందు, ఏది వెనుక, ఏది అడుగున, ఏది పైన అన్న విచారము నా ప్రధాన విషయము. పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చిన విహారవాహనమును నేడు కారవాను అనుచున్నాము. సినిమా నటుల మూలమున ఆ మాట పల్లెలకు గూడ తెలిసినది. అది పారసీక భాషనుండి లోకమంతట వ్యాపించిన మాట. హైదరాబాదులో కార్వాన్ అను పేటయే కలదు. మన భాషలో దానికి బిడారు అని పేరు. వాహనము క్రొత్తదే గాని, దానిని సర్దుకొను చిక్కు మనవారికి మిక్కిలి పాతది.

ఈ మిట్టలలో బిడారు నడిపినవారు లంబాడీలు. నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో నేడు కనబడు తండాలలో పెక్కు, ఆ సంచారము ఆగినచోట వెలసినవే. ఉప్పును, ధాన్యమును ఎడ్ల వీపులమీద వేసికొని, ఆలుబిడ్డలతో, కుండలతో, కుక్కలతో వారు దేశములు తిరిగిరి. లవణము మోసినవారు గనుక లంబాడీలైరని కొందరందురు. పదునేడవ శతాబ్దిలో గోలకొండకు వచ్చిపోయిన ఫ్రెంచి వజ్రవర్తకుడు తవెర్నియే, పదివేలు, పండ్రెండువేల ఎడ్లు ఒక్క బిడారుగా నడుచుట అద్భుతమైన దృశ్యమని వ్రాయుచు, ఒక్కొక్క యెద్దు 300 నుండి 350 లీవ్రుల బరువు మోయునని లెక్క గూడ చెప్పెను. లీవ్రు అనగా అరకిలోకు కొంచెము తక్కువ. కావున ఆ మోత మన లెక్కలో సుమారు 147 మొదలు 171 కిలోలు. జంతుహింసా నివారణచట్టము క్రింద 1965లో భారత ప్రభుత్వము చేసిన నియమములు, మోతయెద్దు మధ్యరకపుదైనచో 150 కిలోలు, పెద్దదైనచో 175 కిలోలు మించరాదని నిర్ణయించినవి. మూడువందల యేండ్ల యెడముతో చెప్పబడిన ఈ రెండు లెక్కలును ఇంత దగ్గరగా కలియుట చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. ఎద్దు మారలేదు; ఎద్దు నెరిగినవాని అంచనాయు తప్పలేదు.

ఆ మోతలో మొత్తము బరువుకంటె ముఖ్యమైనది దాని పంపకము. వెన్నుకు ఇరుప్రక్కల వ్రేలాడు జంటసంచిని తెలుగువారు పెరిక యనిరి. ఆ పెరికలు మోయించి జీవించిన వృత్తివారికి అదియే కులనామమైనది. రెండు ప్రక్కలు సరితూగకున్నచో గోనె ఒక వైపునకు జారును, త్రాడు ఒరయును, మధ్యాహ్నమగునప్పటికి ఎద్దు వీపున పుండు పడును, పుండు పడిన యెద్దు మరునాడు లేవదు. అందుచేత ఇరువురు చెరియొక వైపున నిలిచి ఒక్కసారి యెత్తి, తమ చేతులలోనే హెచ్చుతగ్గులు గ్రహించి, బరువైన ప్రక్కనుండి నాలుగు గుప్పిళ్లు తీసి తేలిక ప్రక్కన పోయుదురు. వారి రెండు జతల చేతులే త్రాసు. ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశాబ్దమున నిజాము రైల్వేవారి మీటరుగేజి మార్గము ఈ వైపు సాగిన పిమ్మట, దూరపు ధాన్యము రైలెక్కెను, బిడారులు సన్నగిల్లెను.

ఇక రెండెడ్ల బండి మాట. దీనిని గూర్చి తొందరపడి చెప్పలేను, ఏలయన నాకు బరువనగా నేమో తెలిసినది దానివలననే. కార్తిక మాసములో దీపావళి వెళ్లిన తరువాత కురుమూర్తి కొండమీద జాతర జరుగును. స్వామివారి పాదుకలకు ఉద్దాలని పేరు. వాటిని వడ్డెమానులో దళితులు నిష్ఠతో తయారుచేయగా, ఊరేగింపుగా కొండకు చేర్చెడి ఉద్దాల ఉత్సవమునకు జనము వేలకొలదిగా వచ్చును. రైలుమార్గములో కురుమూర్తి పేరనే ఒక స్టేషను కలదు. అయినను మా చిన్ననాట మావంటి కుటుంబములు గూడుబండి కట్టుకొనియే పోయెడివి. పోవుట రెండు దినములు, అచ్చట రెండు మూడు దినములు, వచ్చుట రెండు దినములు. అన్ని దినములును బండియే ఇల్లు. వెదురు తడికెలు వంచి కట్టిన గూటి క్రింద అవ్వ, అమ్మ, పిల్లలు పండుకొనెడివారు. మగవారు బండి క్రింద గొంగడి పరచుకొనెడివారు.

బయలుదేరు ముందటి సాయంకాలము పెద్దనాయిన బండిని ఊతకఱ్ఱమీద నిలిపి, చక్రములను ఒక్కొక్కదానిని కదలించి, సీలలు చూచి, ఆముదములో గడ్డిమసి కలిపిన కందెన ఇరుసుకు పట్టించెడివాడు. పిమ్మట సామాను. జొన్నల సంచి, బియ్యపు మూట, నీళ్ల కాగు సరిగా ఇరుసుమీదికి వచ్చునట్లు అడుగున చేరెడివి. వంటపాత్రలు వాటి సందులలో. బొంతలు, చాపలు పైన. ఎడ్లకు మేతగా చొప్పకట్టలు వెనుక. అన్నియు అయిన తరువాత ఆయన ముందునకు వచ్చి, నొగ కొనను ఒంటిచేత పట్టి, నడుము దాక యెత్తి, మెల్లగా సడలించెడివాడు. నొగ తనంతట తాను నింపాదిగా దిగవలెను. దిగక గాలిలో తేలినచో వెనుక బరువు హెచ్చినదన్నమాట. ఒంటిచేత లేవక రెండవ చేయి కావలసివచ్చినచో ముందు హెచ్చినదన్నమాట. ఒకసారి నేనును ఆ కొన పట్టి చూచి, “పెద్దనాయినా, నొగ తేలుతున్నది” అంటిని. “గట్లనా? కాగు జెర ముంగటికి జరుపు బిడ్డా” అని ఆయన నాచేతనే జరిపించెను. నొగ దిగినది. జానెడు దూరము జరిగిన ఒక్క నీళ్లకాగు బండి స్వభావమునే మార్చివేయుట నా చేతికి తెలిసిన ఆ క్షణమును నేను నేటికిని మరువలేదు.

ఏలయన రెండు చక్రముల బండి యనునది ఇరుసుమీద నిలిచిన త్రాసు. వెనుక బరువైనచో నొగ లేచి, కాడికి కట్టిన పలుపు ఎడ్ల గొంతుకు బిగిసి, ఊపిరాడనీయదు. ముందు బరువైనచో కాడి మెడమీద క్రుంగి, మూపురము ముందర చర్మము కమిలి కాయ కాచును. ఈ రెంటికి నడుమ, నొగ నిలకడగా ఉండుటకు సరిపడునంత కొద్దిపాటి బరువు మాత్రమే కాడికి చేరవలెను. దారి ఎగుడైనచో బరువు వెనుకకు మొగ్గును గనుక బండివాడు నొగమీదికి వచ్చి కూర్చుండును. దిగుడైనచో తాను వెనుకకు జరుగును, లేదా దిగి నడుచును. మనుష్యులు గూడ బరువే యని ఆయనకు తెలియును. కనుకనే పిల్లలము ఎక్కిన పిదప మరల నొగ చూచి, బొద్దుగా నుండిన నన్ను ఇరుసుమీదికి, మా చెల్లెలిని వెనుకకు కూర్చుండబెట్టిన పిమ్మటనే ఎడ్లను కాడికి కట్టెడివాడు. 1965 నాటి నియమములలో, దీర్ఘమైన నిటారు ఎగువ గల దారిలో బండి బరువును సగమునకు తగ్గింపవలెనని యొక నిబంధన కలదు. పెద్దనాయిన ఆ నియమమును చదివి యుండడు. కొండదారి రాగానే పెద్దవారినందరిని దింపి నడిపించెడివాడు.

పల్లికాయ బండి మాట వేరు. పల్లికాయ చూపునకు కొండంత, తూకమునకు కొంత. జొన్నల బస్తాలు తక్కువ ఎత్తులోనే బండికి చాలిన బరువగును. కాయ యైనచో బరువు నిండకమునుపే గూడంత ఎత్తునకు పోవును. అట్టి బండి ఎడ్లను బాధింపదు గాని, ప్రక్కకు ఒరుగును. చక్రము గోతిలో పడినప్పుడు ఎత్తైన బండి ఎట్లు ఆగి, ఒక్క లిప్తపాటు ఆలోచించినట్లు నిలిచి, పిమ్మట పడిపోవునో చూచినవారికి, బరువు ఎంత యన్నదే కాక ఎంత యెత్తున నున్నదన్నదియు ప్రాణముతో కూడిన ప్రశ్నయని వేరుగా చెప్పనక్కరలేదు.

బండి బాదేపల్లికి చేరిన పిమ్మట రెండవ శాస్త్రము మొదలగును. అది తూకపు శాస్త్రము. ఊళ్లలో కొలత సాధారణముగా పాత్రతో: సోల, తవ్వ, మానిక, కుంచము, తూము, ఇరవై తూములకు పుట్టి. బజారులో మాత్రము తూకమే: ఎనభై తులముల సేరు, నలభై సేర్ల మణుగు, నూటయిరవై సేర్ల పల్లా. పల్లా యనగా నేటి లెక్కలో సుమారు 112 కిలోలు. 1339 ఫసలీలో, అనగా 1930లో, నిజాము ప్రభుత్వము వ్యవసాయ మార్కెట్ల చట్టము చేసెను. రైతు సరుకు నలుగురి యెదుట అమ్ముడుపోవలెననియు, తూచువాడు లైసెన్సు గలవాడై యుండవలెననియు ఏర్పాటు వచ్చినది. ఆ తూచువానిని మనవారు దడ్వాయి యందురు. అడ్తిదారు ధర చెప్పును, హమాలీ యెత్తును, దడ్వాయి కాంటా పెట్టును. కౌటిల్యుని అర్థశాస్త్రములో పౌతవాధ్యక్షుడను అధికారి కలడు. తూకపురాళ్లు ఇనుముతోగాని, మగధ, మేకల దేశముల రాతితోగాని చేయింపవలెనని, నాలుగేసి నెలలకొకసారి వాటిని పరీక్షించి ముద్ర వేయవలెనని అందున్నది. అంత పురాతనమైన జాగరూకత రాతి విషయమున నుండియు, పేదరైతు తరుగు పేరిట నష్టపోవుట నా కన్నులతో చూచినవాడను. 1956 చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1వ తేదీ మొదలు దేశమున మెట్రిక్ తూకములు ప్రవేశింపగా, సేరు పోయి కిలో వచ్చెను. పల్లా పోయి క్వింటాలు వచ్చెను.

ఈ సీమకు చెందిన మరియొక ప్రయాణమును చెప్పక దాటిపోవుట నా మనస్సునకు ఒప్పదు. వానలు తప్పిన యేండ్లలో పాలమూరు జనము మేస్త్రీలకు అప్పుపడి, లారీలెక్కి, ఆనకట్టల పనికి దేశమంతట పోయిరి. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగి 1967లో నీరు వదలిన నాగార్జునసాగరము వంటి కట్టడములలో వారి చెమట యున్నది. పాలమూరు లేబరు అన్న మాట దేశమున ఒక పారిభాషిక పదమే యైనది. వారి లారీయు ఒక విధమైన ఇల్లే. అడుగున గడ్డపారలు, పారలు, తట్టలు. వాటిపై జొన్నల మూటలు, వంటకుండలు. అన్నిటిపైన పసిబిడ్డలతో తల్లులు. లారీ తొట్టి అంచుకంటె ఎత్తున మనుష్యులు కూర్చుండగా, బరువు ఎత్తునకు పోయి, మలుపు మలుపున బండి ఊగుచుండెడిది. అదే లారీ మరునాడు పల్లికాయ బస్తాలెత్తినచో ప్రతి బస్తాకును తూకమున్నది, చీటీ యున్నది. ఈ మనుష్యులను ఎవ్వరును తూచలేదు. ఎంతమంది యెక్కిరో గూడ పలుమారులు లెక్కలేదు. గూడుబండిలో చిన్నదానిని వెనుకకు జరిపి నొగ చూచిన జాతి, తన బిడ్డలను ఇట్లు సాగనంపవలసివచ్చుట ఈ సీమ చరిత్రలో నాకు మిక్కిలి బాధ కలిగించిన ఘట్టము.

రహదారి ప్రక్కన ఇప్పుడు కనబడు తూకపు వేదికను కొందరు వేబ్రిడ్జి యందురు, కొందరు ఉర్దూ పద్ధతిని ధర్మకాంటా యందురు. రెండవ పేరే నాకు ప్రియము. బండితో సహా బండిలోని బరువును తూచు ఉపాయము ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్ది మధ్యకాలమున జాన్ వయట్ అనువాని చేతిలో రూపుదాల్చినది: వేదిక క్రింద ఒకదానికొకటి తగిలించిన తులాదండములు బండి బరువును అంచెలంచెలుగా తగ్గించుకొనుచు పోగా, చివర కొద్దిపాటి పడికట్టుతోనే మహాభారము తూగును. నేడు ఆ దండముల స్థానమున విద్యుత్తుతో పనిచేయు లోడుసెల్లులు వచ్చినవి. లారీ ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి వేదిక నెక్కును, వ్యత్యాసమే సరుకు.

చట్టము గూడ ఎంత యన్న ప్రశ్నతో ఆగలేదు. 2018 జూలైలో కేంద్రప్రభుత్వము అనుమతించిన బరువులను పెంచినప్పుడు, నాలుగు టైర్లు గల ఒక్క ఇరుసుకు 10.2 టన్నులుగా నున్న పరిమితి 11.5 టన్నులైనది, రెండిరుసుల లారీ మొత్తము బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు పెరిగినది. అనగా లెక్క ఇరుసు లెక్క. ఇరుసుమీది భారము రెండింతలైనచో రోడ్డునకు కలుగు చేటు సుమారు పదునారింతలగునని అమెరికాలో 1958 మొదలు 1960 వరకు జరిగిన రోడ్డు పరీక్షలు తేల్చినవి. 2019 సవరణ ప్రకారము మితిమీరిన బరువునకు ఇరువది వేల రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి రెండువేలు. పైగా ఎక్కువైన సరుకును దింపినగాని బండి కదలరాదు. అయినను ఆచరణలో ధర్మకాంటా చీటీ మీద పడునది ఒక్క అంకెయే. అది బరువెంతో చెప్పును. ఎచ్చట నున్నదో చెప్పదు. నొగ కొనను పట్టిన చేయి ఆ రెండవ మాటను చెప్పెడిది.

విహారవాహనములు తోలువారికి ఈ రెండవ మాటయే ప్రాణము. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు వేసవి సెలవులలో కారుకు వెనుక చక్రాల యిల్లు తగిలించుకొని, లేదా ఇల్లే యైన పెద్దబండి అద్దెకు తీసికొని, ఎల్లోస్టోను వంటి చోట్లకు పోవుచున్నారు. తగిలించిన యింటి మొత్తము బరువులో నూటికి పది నుండి పదునైదు పాళ్లు ముందరి కొక్కెముమీద పడవలెనని అచ్చటివారి నియమము. తక్కువైనచో వెనుకటి యిల్లు తోకవలె ఆడి, కారును తనతో త్రిప్పివేయును. ఎక్కువైనచో కారు వెనుకభాగము క్రుంగి, ముందరి చక్రములు తేలికయై, స్టీరింగు మాట వినదు, బ్రేకు పట్టదు. ఇది చదివినప్పుడు నాకు పెద్దనాయిన చేతిలోని నొగ జ్ఞప్తికి వచ్చినది. కాడి స్థానమున కొక్కెము వచ్చినది. ఎడ్ల మెడ స్థానమున కారు వెనుక ఇరుసు వచ్చినది. నీళ్లకాగు స్థానమున ట్యాంకు వచ్చినది. నీరు లీటరుకు కిలో చొప్పున తూగును గనుక 150 లీటర్ల ట్యాంకు నింపినవాడు, లంబాడీల మోతయెద్దు ఒకటి మోయు బరువును ఒక్క మూల పెట్టినవాడగును. ఆ మూల ఒక ప్రక్కకే యున్నచో, అది సరితూగని పెరిక.

మన దేశములో గూడ ఈ వాహనములు పెరుగుచున్నవి. కేరళ ప్రభుత్వము 2021లో వాటికై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. జడ్చర్ల మీదుగా శ్రీశైలమునకో, ఆలంపురమునకో, ఇంకను దక్షిణమునకో కుటుంబముతో పోవువారికి నా మనవి యిది. నీరు, గ్యాసు, సామాను, మనుష్యులు అందరును ఎక్కిన తరువాత ధర్మకాంటా యొద్ద ఆగుడు. మొదట ముందరి చక్రములు మాత్రము వేదికమీద నిలుపుడని అడిగి తూకము తీసికొనుడు; పిమ్మట బండినంతటిని తూయించుడు. రెంటి వ్యత్యాసము వెనుక ఇరుసు బరువు. ఆ అంకెలను బండి తలుపు మీద తయారీదారు అతికించిన పరిమితులతో పోల్చుడు. మించినదానిని దింపివేయుడు, మించకున్నను బరువైనదానిని అడుగునకు, ఇరుసు చెంతకు చేర్చుడు. దీనికి పట్టు కాలము ఒక చాయ త్రాగునంత.

మరియొక మనవి, జడ్చర్ల చుట్టుప్రక్కల చదువుకొన్న యువకులకు. కురుమూర్తికి గూడుబండి కట్టిన వృద్ధులు, బాదేపల్లిలో కాంటా పట్టిన దడ్వాయిలు, బస్తాల వరుసలు పేర్చిన హమాలీలు ఇంకను కొందరు మిగిలియున్నారు. బండి ఏ భాగమునకు ఏమి పేరు, ఎగువలో ఏమి చేసిరి, నొగను ఎట్లు చూచిరి అని వారిని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనుడు. మా పెద్దనాయిన మాటలు నేను వ్రాసికొనలేదు.